ముఖం తిప్పిన రాయి

"మా అన్నయ్య తాగి వంతెన మీంచి పడ్డాడని రాశారు పంతులమ్మగారూ. దగ్గుమందు తాగినా తల తిరిగే మనిషి."

టైలరమ్మ ఆ మాట అంటూ చేతిలో కత్తెర పక్కన పెట్టింది. పొద్దున్నుంచీ ఒక్క గుడ్డ కూడా కత్తిరించలేదు. టేపు మాత్రం అలవాటుకొద్దీ మెడలో వేసుకుంది. ఒళ్ళో ఒక కాగితం సంచి ఉంది. దాన్ని రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది.

ఎదురుగా స్టూలు మీద కూర్చున్న డిటెక్టివ్‌కి అసలు పేరు ఉన్నా ఎవరూ దాన్ని వాడరు. బడిలో లెక్కలు చెప్పడం మానేసి చాలా ఏళ్ళయింది. అయినా ప్రశ్న అడిగి, జవాబు వచ్చేదాకా రెప్ప వేయకుండా చూసే అలవాటు పోలేదు. అందుకే అందరికీ ఆవిడ పంతులమ్మే.

"గురువారం సాయంత్రం నుంచి చెప్పు."

"ఐదింటికి ఇక్కడే ఉన్నాడు. మీరు కూర్చున్న స్టూలు మీదే. టీ తాగుతుంటే ఫోను మోగింది. లేచి నిలబడ్డాడు."

"నిలబడ్డం దేనికి?"

"పాత దారి సంఘం చీఫ్ గారు ఫోను చేస్తే నిలబడే మాట్లాడేవాడు. నువ్వు నిలబడ్డావో పడుకున్నావో ఆయనకేం తెలుస్తుంది అన్నయ్యా అంటే నవ్వేవాడు గానీ మానేవాడు కాదు. 'అలాగే సార్, వస్తున్నా సార్' అన్నాడు. టీ సగంలో వదిలేసి వెళ్ళాడు. శుక్రవారం పొద్దున వంతెన కింద రాళ్ళలో దొరికాడు."

ఈ చావు వెనక ఒక దారి ఉంది. దాని సంగతి పంతులమ్మకి రెండు రోజుల్లో కంఠతా వచ్చేసింది.

ఊరి బయట మొదలయ్యే పాత రాదారి అది. ఎన్నో తరాల బండిచక్రాలు తిరిగి బండల్లో గాళ్ళు పడ్డ దారి. మైలురాళ్ళ వెంబడి పోయే ఆ పాత దారిని ఎవరూ ముట్టుకోకూడదని కోర్టు చెప్పింది. చిక్కంతా తొమ్మిదో మైలురాయి దగ్గర వచ్చింది. అక్కడ దారి రెండుగా చీలుతుంది. ఒకటి రాతి వంతెన ఎక్కి నేరుగా పోతుంది. రెండోది పల్లంలోకి దిగి చుట్టు తిరిగి వచ్చే మట్టిదారి. పాత పటంలో ఉన్నది ఒక్క గీతే. ఆ గీత ఏ దారిదో తేల్చి చెప్పేది తొమ్మిదో రాయి. అది వంతెన పక్కన నిలబడి ఉంటే వంతెన బతుకుతుంది. మట్టిదారి పక్కన ఉంటే మాత్రం, వంతెననీ దాని వెనకాల బండల దారినీ కొత్త వెడల్పు రోడ్డు కోసం నిక్షేపంగా పగలగొట్టుకోవచ్చు.

రాయి వంతెన పక్కనే ఉందని రాసిచ్చిన సర్వేయరు ఈ టైలరమ్మ అన్నయ్య. ఆయన చనిపోయిన రోజు చూస్తే రాయి మట్టిదారి పక్కన నిలబడి ఉంది. ఆయన జేబులో మందు సీసా ఉంది. తాగుబోతు కొలతలకి విలువేముంది అని అందరూ తలలాడించారు. ఇవాళ సాయంత్రం నాలుగింటికి కోర్టు పంపిన అధికారి వచ్చి కళ్ళతో చూసి తేల్చేస్తాడు. ఆయన కారు వెనక్కి తిరగ్గానే యంత్రాలు కదులుతాయి.

"మనిషిని చంపి ఊరుకోలేదు, మాటని కూడా చంపారు," అంది టైలరమ్మ. ఏడవలేదు. "మా అన్నయ్య అబద్ధాలకోరని కాగితం మీద రాసి ఉంటే, ఆ దారిన నేనెలా నడవాలి చెప్పండి."

పంతులమ్మ చెయ్యి చాచింది. టైలరమ్మ సంచిలోంచి చొక్కా తీసి బల్ల మీద పరిచింది. పోలీసులు తిరిగిచ్చిన తర్వాత ఆమె దాన్ని ఉతకలేదు. కుడి భుజం వెనక అరచేయంత తెల్లటి మరక ఉంది. పంతులమ్మ గోటితో గీకి చూసింది. రాలలేదు. దారాల్లోకి దిగి, కుట్టు దగ్గర అట్టలా బిగుసుకుపోయింది.

"సున్నం. ఆరిన సున్నం అంటితే దులిపితే పోతుంది. ఇది తడి మీద అంటింది. వంతెనకి ఎవరైనా వెల్ల వేస్తారా?"

"నల్లరాతి వంతెనకి వెల్లేంటండీ."

"మరి ఆ చుట్టుపక్కల సున్నం పూసేది దేనికి?"

టైలరమ్మ ఆలోచించింది. "మైలురాళ్ళకే."

"ఈ చొక్కా నాకిస్తావా?"

"ఇవ్వను. ఇది నేను కుట్టిందే. ఇంకెవరి చేతికీ ఇవ్వను. ఎక్కడ చూపించాలో కబురు పెట్టండి, నేనే పట్టుకొస్తాను."

ఆ పట్టుదల చూసి పంతులమ్మ బలవంతపెట్టలేదు.

*

చీఫ్ గారి ఇంటి ముందు నల్ల కారుని డ్రైవరు కడుగుతున్నాడు. ఎండ మాడు పగిలేలా ఉంది. అయినా చేతులకి మోచేతుల దాకా రబ్బరు తొడుగులు వేసుకున్నాడు. కార్లు కడిగేవాళ్ళు ఇంత సుకుమారంగా ఎప్పట్నుంచి అయ్యారో అనుకుంటూ పంతులమ్మ లోపలికి వెళ్ళింది.

చీఫ్ గారు రోడ్ల శాఖలో చీఫ్ ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యాడు. ఇప్పుడు పాత రాదారి పరిరక్షణ సంఘానికి అధ్యక్షుడు. గది నిండా ఆ దారి ఫోటోలే. కుర్చీ పక్కన చేతికర్ర ఆనించి ఉంది. మోకాలికి పట్టీ ఉంది.

"రామ్మా, కూర్చో. వాడు నా కొడుకులాంటి వాడు," అన్నాడు ఆమె నోరు తెరవకముందే.

"గురువారం ఆయనతో మాట్లాడారా?"

"వాడే ఫోను చేశాడు. ఐదింటప్పుడు. 'సార్, పొరబడ్డాను, రాయి మట్టిదారి పక్కనే ఉంది' అన్నాడు. గొంతు తేడాగా ఉంది. అప్పటికే పుచ్చుకున్నాడేమో మరి. చనిపోయినవాడి గురించి చెడ్డ చెప్పకూడదు గానీ, నిజం దాస్తే ఎలా."

"ఆయనే చేశాడా, మీరు చేశారా?"

"వాడే." తడుముకోలేదు. "నువ్వు పోలీసువి కాదుగా అమ్మా?"

"కాదండీ. అందుకే మర్యాదగా అడుగుతున్నాను."

ఆయన నవ్వాడు. ఆ నవ్వు చూస్తే పంతులమ్మకి ఒళ్ళు మండింది. కొడుకులాంటివాడు పోయి ఇంకా వారం తిరగలేదు. ఈయన మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని ఉన్నాడు.

"సంఘం అధ్యక్షులు మీరు. ఇన్నేళ్ళు కోర్టుల చుట్టూ తిరిగారు. ఇవాళ రాయి అక్కడుందంటే అక్కడే అని ఒప్పేసుకుంటున్నారు. ఒక్కసారి వెళ్ళి చూశారా?"

"ఈ మోకాలితోనా? ఆపరేషను అయిన తర్వాత నేను అటువైపే పోలేదు. ఆర్నెల్లు దాటింది." తల ఆడించి, దూరంగా చూస్తూ మొదలుపెట్టాడు. "అయినా నాకు చూడక్కర్లేదమ్మా. ఆ రాయి కళ్ళకి కట్టినట్టే ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో జీపులో వస్తుంటే, మట్టిదారి మలుపు తిరగ్గానే అద్దంలోంచి ఎదురుగా తొమ్మిది కనపడేది. మనకేసి చూస్తున్నట్టు నిలబడి ఉండేది. అక్కడే ఉండేది, ఇప్పుడూ అక్కడే ఉంది. మనసు ఒప్పుకోకపోయినా నిజం నిజమే."

మాటలు చక్కగా ఉన్నాయి. పంతులమ్మ వాటిని అలాగే మనసులో దాచుకుంది.

కిటికీ దగ్గర బల్ల మీద ఏదో నమూనా మీద దుప్పటి కప్పి ఉంది. ఆవిడ లేచి అంచు పట్టుకుని ఎత్తింది. పాత వంతెన కాదు. నాలుగు వరసల కొత్త వంతెన. అట్టముక్కలతో ముచ్చటగా చేశారు. మొదట్లో చిన్న శిలాఫలకం కూడా అతికించారు. దాని మీద ఇంకా ఏ పేరూ లేదు.

"అది చూడకు, నాకే కడుపు మండుతుంది," అన్నాడు చీఫ్ గారు. "అవతలివాడు ఏం కట్టబోతున్నాడో తెలిస్తేనేగా ఆపగలం."

"ఆపుతున్నారా?"

ఆయన మాట మార్చాడు. "ఇంతకీ నీకు అనుమానం ఎందుకొచ్చిందమ్మా?" అన్నాడు మెత్తగా.

అక్కడే పంతులమ్మ కోపంలో నోరు జారింది. "ఆయన చొక్కాకి తడి సున్నం అంటింది. తాగి వంతెన మీంచి పడ్డవాడికి సున్నం ఎక్కడిదండీ? ఆ చొక్కా ఉతక్కుండా చెల్లెలు దాచి ఉంచింది. కోర్టు ఆయనకి చూపిస్తాను."

"చూపించు తల్లీ, తప్పకుండా చూపించు," అన్నాడాయన. చేతికర్ర మీద వేళ్ళు మాత్రం ఒకసారి బిగుసుకుని వదిలాయి.

*

బస్సు ఎనిమిదో రాయి దగ్గర దింపేసింది. అక్కణ్ణుంచి నడకే. పంతులమ్మ ఆ రాయి ముందు ఆగి అంకె చదవాలంటే పక్కకి తిరగాల్సి వచ్చింది. రాయి దారికి సమాంతరంగా నిలబడి ఉంది. అంకె చెక్కిన ముఖం దారి మధ్యకి చూస్తోంది. దారికి అటు చివర నుంచి వచ్చినా, ఇటు చివర నుంచి వచ్చినా, పక్కకి వచ్చాకే కనపడుతుంది. నడిచేవాళ్ళకీ బండితోలేవాళ్ళకీ పెట్టిన రాళ్ళు మరి. తీరిగ్గా మెడ తిప్పి చూసుకునేవాళ్ళు. వెల్ల ఎండకీ వానకీ బూడిదరంగులోకి తిరిగింది.

అప్పటికి అది ఆవిడకి ఒక చిన్న ముచ్చటగానే తోచింది.

తొమ్మిదో రాయి దగ్గరికి వచ్చేసరికి అంకె చాలా దూరం నుంచే కనపడింది. పాలలా తెల్లగా, కొత్త వెల్లతో, మట్టిదారి పక్కన ఠీవిగా నిలబడి ఉంది. దాని వెనక రెండు పెద్ద యంత్రాలు, వాటి నీడలో జీపు, జీపు నీడలో ఇన్‌స్పెక్టర్.

"రండి పంతులమ్మగారూ. క్లాసులు అయిపోయాయా?"

"ఇంకా ఒక మొద్దు పిల్లాడు మిగిలాడండీ. ఆయన కోసమే వచ్చాను."

ఇన్‌స్పెక్టర్‌కి నవ్వు రాలేదు. ఇద్దరికీ ఇది మొదటి పేచీ కాదు. కిందటేడు గిడ్డంగి కేసులో ఆయన ప్రమాదమని మూసేసిన కాగితాన్ని ఆవిడ తెరిపించింది. అది ఆయన మర్చిపోలేదు.

"కేసు మూశాం. తాగాడు, పడ్డాడు, పోయాడు. మీరు ఆ అమ్మాయి దగ్గర ఫీజు గుంజడానికి దీన్ని సాగదీయకండి."

"పోస్టుమార్టంలో కడుపులో మందు ఉందన్నారా?"

"రిపోర్టు రావాలి."

"రాకుండానే తాగాడని రాసేశారు. జేబులో సీసా చూసి. మీ జేబులో పెన్ను ఉంది, మీరు కవి అని రాయమంటారా?"

వెనకాల యంత్రం డ్రైవరు కిసుక్కుమన్నాడు. ఇన్‌స్పెక్టర్ అటు చూసేసరికి ఊరుకున్నాడు.

"ఆయన ఫోను లెక్కలు తెప్పించారా? గురువారం ఐదింటికి ఎవరు ఎవరికి చేశారో?"

"పైనుంచి ఒకటే ఫోను. నాలుగింటికల్లా ఇక్కడ గొడవ ఉండకూడదు అని. నాకున్న పనుల్లో..."

"ఆ పైనున్నవాళ్ళు మీకు జీతం ఇచ్చేది గొడవ లేకుండా చూడ్డానికా, నిజం చూడ్డానికా?" గొంతు పెంచలేదు. బడిలో వెనక బెంచీ వాళ్ళని నిలబెట్టే గొంతే. "ఒక మనిషి మాట మీద మట్టి పోశారు. దాని మీద రేపు తారు పోస్తారు. మీరు చేతులు దులుపుకుని జీపు నీడలో కూర్చున్నారు. ఆ అమ్మాయి మొహం ఒకసారైనా చూశారా?"

ఇన్‌స్పెక్టర్ ముఖం ఎర్రబడింది. ఆ అమ్మాయి వాంగ్మూలం ఆయన తీసుకోలేదు. కానిస్టేబుల్‌ని పంపాడు.

పంతులమ్మ రాయి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. జడలోంచి పిన్ను తీసి పైన గీకింది. సున్నం ఉల్లిపొరల్లా పొర మీద పొర లేచింది. ప్రతి ఏడూ వేసిన వెల్ల అది. తర్వాత కింద, నేలకి జానెడు ఎత్తులో గీకింది. అక్కడ ఒక్కటే పలచటి పొర. దాని కింద ఉత్త రాయి.

"ఇలా వచ్చి చూడండి ఇన్‌స్పెక్టర్ గారూ. ఈ జానెడు భాగానికి ఇన్నేళ్ళూ వెల్ల ఎందుకు వేయలేదు?"

ఆయన కదలకుండా అన్నాడు. "బద్ధకం."

"కాదు. ఇది భూమిలో ఉండేది గనక. ఈ రాయి మొన్నటిదాకా ఇంతకంటే లోతుగా నాటి ఉంది. పీకి తెచ్చి ఇక్కడ తూతూమంత్రంగా పాతారు. పట్టుకున్న గుర్తులు కనపడకుండా దీనికి ఒక్కదానికే కొత్త వెల్ల వేశారు. దారి పొడుగునా మిగతా రాళ్ళు చూడండి, బూడిదరంగులో ఉన్నాయి."

ఈసారి ఆయన లేచి వచ్చాడు. వంగి చూశాడు.

రాయి పైభాగంలో, మనిషి కూర్చుంటే భుజం ఆనేంత ఎత్తులో, వెల్ల కొంచెం మందంగా ఉంది. అక్కడ ఒకసారి చెరిగిపోతే మళ్ళీ కుంచెతో అద్దినట్టు ఉంది. పంతులమ్మ తన అరచేయి ఆ మచ్చ మీద ఆనించింది. సరిగ్గా చొక్కా మీది మరకంత.

"ఆయన్ని పిలిపించారు. పని ఇంకా పూర్తికాలేదు, సున్నం ఇంకా ఆరలేదు. చూసి అరిచి ఉంటాడు. పట్టుకుని దీనికేసి నెట్టారు. ఆ తర్వాత వంతెన మీంచి తోశారు."

"పిలిపించారంటున్నారు. ఎవరు?"

ఆవిడ వంతెన వైపు నడిచింది. ఈసారి ఇన్‌స్పెక్టర్ వెనకాలే వచ్చాడు. వంతెన మొదట్లో, దారి అంచున, గడ్డి అంతా పచ్చగా ఉంది. ఒక్క చోట మాత్రం పసుపుపచ్చగా వాడిపోయింది. పంతులమ్మ గుప్పెటతో పట్టుకుని లాగింది. వేళ్ళు లేకుండా చాపలా ఊడొచ్చింది. కింద వదులు మట్టి, కంకర. చెప్పు మడమతో నొక్కితే దిగిపోయింది.

"రాయి ఇక్కడ ఉండేది," అంది.

ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు. "గోతులు ఎవరైనా తవ్వుతారు. నాకు మనిషి కావాలి పంతులమ్మగారూ. గొయ్యి కాదు."

ఆ మాటలో వెటకారం తగ్గిందని ఆవిడ గమనించింది. వెనక్కి తిరిగి రాయి వైపు చూసింది. అంత దూరం నుంచి కూడా అంకె తేటగా కనపడుతోంది. తొమ్మిది. ఎదురొచ్చే కారు వైపు ఎదురుగా నిలబడి చూస్తోంది.

ఎనిమిదో రాయి దగ్గర తను మెడ తిప్పింది. దీనికి తిప్పనక్కర్లేకపోయింది.

కూలీలు రాయిని ఎలా పాతమంటే అలా పాతుతారు. 'వచ్చే బండికి ఎదురుగా ఉండాలి' అని పక్కన నిలబడి తిప్పించినవాడు ఎవరు? జీవితమంతా కొత్త రోడ్ల మీద బోర్డులు పెట్టించినవాడికే ఆ అలవాటు చేతికి వస్తుంది. అంకె కనపడకపోతే వాడికి తోచదు.

"టైమెంత?" అని అడిగింది.

"నాలుగింటికి ఇంకా పది నిమిషాలుంది."

"ఇన్‌స్పెక్టర్ గారూ, ఒక్క పని చేయండి. నేను ఒకర్ని ఒక ప్రశ్న అడుగుతాను. మీరు నాకు అడ్డు రాకండి, ఆయన మాటకీ అడ్డు రాకండి. విన్నదాన్ని మాత్రం మర్చిపోకండి."

*

కోర్టు పంపిన అధికారి సన్నగా, గొడుగు పట్టుకుని కారు దిగాడు. వెనక సీట్లోంచి చేతికర్ర బయటికి వచ్చింది, తర్వాత చీఫ్ గారు దిగాడు. ఆయన సొంత కారు రాలేదు, డ్రైవరూ రాలేదు.

"పరిరక్షణ సంఘం తరఫున మాకూ బాధగానే ఉందండీ," అంటున్నాడు చీఫ్ గారు అధికారితో. "కానీ సాక్ష్యం ముందు మనం ఎవరం. రాయి ఇక్కడుంది."

"ఎప్పట్నుంచి ఉందండీ?" అంది పంతులమ్మ ముందుకొచ్చి.

"ఈవిడెవరు?" అన్నాడు అధికారి.

"సర్వేయరు చెల్లెలి తరఫు మనిషిని. ఆయన రాసింది అబద్ధం అంటున్నారు కదా, ఒక్క సంగతి అడిగి వెళ్ళిపోతాను." చీఫ్ గారి వైపు తిరిగింది. "పొద్దున నాతో చెప్పారు సార్. ఉద్యోగంలో చేరిన కొత్తలో జీపులోంచి చూసేవాణ్ణి అని. అది ఈ అయ్యగారికి కూడా చెబుతారా? అంత బాగా నాకు చెప్పడం రాదు."

పొగడ్తకి ఆయన మెత్తబడ్డాడు. కర్ర ఎత్తి చూపించాడు. "చెప్పడానికేముంది. అదిగో ఆ మలుపు తిరగ్గానే, కారు అద్దంలోంచి ఎదురుగా తొమ్మిది అంకె కనపడేది. నలభై ఏళ్ళ క్రితం మాట. అప్పుడూ ఇక్కడే, ఇప్పుడూ ఇక్కడే."

"ఎదురుగానే? పక్కకి తిరిగి చూడక్కర్లేకుండా?"

"చెబుతున్నాగా అమ్మా. ఎదురుగానే."

"వచ్చేటప్పుడు ఎనిమిదో రాయి చూశారా అయ్యగారూ?" అంది ఆవిడ అధికారితో. "ఏడోది? ఆరోది? వాటి అంకెలు కారులోంచి ముందే కనపడ్డాయా?"

అధికారి గొడుగు దించాడు. "లేదు. నేను ప్రతిదానికీ కిటికీలోంచి తల తిప్పి చూశాను."

"ఈ దారి రాళ్ళన్నీ దారిలోకి చూస్తాయి. ఒక్క ఇదే వచ్చేవాళ్ళ వైపు ముఖం తిప్పింది. గురువారం సాయంత్రం నుంచే తిప్పింది. అంతకుముందు ఇది వంతెన పక్కన అన్నిటిలాగే నిలబడి ఉంది. గొయ్యి ఉంది, చూపిస్తాను. నలభై ఏళ్ళ క్రితం ఈ సార్ జీపులోంచి చూసిన రాయి ఏదండీ మరి? ఆర్నెల్లుగా ఇటు రాలేదన్న మనిషి, నాలుగు రోజుల వయసున్న దృశ్యాన్ని కళ్ళకి కట్టినట్టు చెబుతున్నాడు."

యంత్రం డ్రైవరు ఇంజను ఆపేశాడు.

"ముసలితనం. జ్ఞాపకం తడబడి ఉంటుంది," అన్నాడు చీఫ్ గారు.

"తడబడలేదు సార్. నాకూ ఈయనకీ ఒక్క అక్షరం తేడా లేకుండా చెప్పారు. మీ బల్ల మీది వంతెనకి ఒక ఖాళీ ఫలకం ఉంది. దాని మీద ఎక్కబోయే పేరు మీదే కదూ? మీ సంఘంలో చేరి, మీకు ఫోనులో కూడా నిలబడి దండం పెట్టిన మనిషి ప్రాణం ఆ ఫలకం పాటి చేయలేదా?"

అధికారి గోతి వైపు కదిలాడు. ఇన్‌స్పెక్టర్ ఆయనకి దారి చూపిస్తూ నాలుగడుగులు వేశాడు. ఆ సందులో చీఫ్ గారు పంతులమ్మ దగ్గరగా వచ్చాడు. పొద్దుటి మెత్తదనమే ఉంది గొంతులో.

"జ్ఞాపకాలకి శిక్ష వేయరమ్మా. నీ దగ్గరున్న గట్టి సాక్ష్యం ఆ చొక్కా. అది ఎక్కడుందో నువ్వే చెప్పావు. తీసుకురమ్మని నా కారు పంపాను. ఆ పిల్ల కూడా వస్తోంది. ఇప్పుడు ఆ అధికారికి ఏం చెప్పాలో ఆలోచించుకుని చెప్పు."

పంతులమ్మ చేతిలో ఫోను మోగింది.

"పంతులమ్మగారూ, మీరు పంపిన కారు ఎక్కాను," టైలరమ్మ గొంతు హుషారుగా ఉంది. "చొక్కా నా ఒళ్ళోనే ఉంది. డ్రైవరు మంచివాడే. పాపం చేతులు సున్నం తిని తోలు ఒలిచిపోయాయి. చెమట పట్టి తొడుగులు తీస్తే చూశాను. మందు రాసుకోమని చెప్పా."

పంతులమ్మ గొంతు బడిలో హాజరు పిలిచేటప్పటిలాగే ఉంది. "మంచిది. ఎక్కడిదాకా వచ్చారు? దారి పక్కన రాయి ఏదైనా కనపడిందా?"

"ఇప్పుడే ఒకటి దాటాం. మెడ తిప్పి చూడాల్సొచ్చింది. ఏడు. ఎందుకండీ... బాబూ, ఇటు తిప్పావేం? ఇది క్వారీ దారి కదా, వంతెనకి నేరుగా..."

ఫోను తెగిపోయింది.

చీఫ్ గారు జాలిగా చూస్తున్నాడు. ఇక ఆవిడ నోరు మెదపదని ఆయన లెక్క. ఇన్నేళ్ళూ ఆయన చూసిన మనుషులందరూ అలాగే లెక్కకి అందారు కాబోలు.

"ఇన్‌స్పెక్టర్ గారూ," అని పిలిచింది పంతులమ్మ. అధికారికి, యంత్రాల వాళ్ళకి, అందరికీ వినపడేలా. "సర్వేయరు చెల్లెల్ని ఈయన కారులో ఎక్కించుకుపోతున్నారు. డ్రైవరు చేతులు సున్నంతో కాలి ఉన్నాయి. ఈ రాయికి వెల్ల వేసిన చేతులవి. ఈయన ఇప్పుడే నాతో బేరం పెట్టాడు. ఆ అమ్మాయిని చూపించి నోరు మూసుకోమన్నాడు."

చీఫ్ గారి ముఖంలో రంగు ఇంకిపోయింది. కర్ర లేకుండానే రెండడుగులు వెనక్కి వేశాడు. మోకాలు ఎక్కడా కుంటలేదు.

ఇన్‌స్పెక్టర్ ఆ మోకాలి వైపు ఒక్క చూపు చూశాడు. యంత్రాల వాళ్ళ వైపు తిరిగి, "ఈయన్ని కదలనివ్వకండి" అన్నాడు. అప్పటికే జీపు తాళాలు చేతిలో ఉన్నాయి. పంతులమ్మ పక్క సీట్లో కూలబడుతూ, ఏడో రాయి దాటాక కారు క్వారీ దారి పట్టిందని చెప్పింది. జీపు బండల మీద ఎగిరి పడుతూ వెనక్కి తిరిగింది.

"క్వారీకి మూడు దారులున్నాయి," అన్నాడాయన పళ్ళు బిగించి. "తప్పు దారిన పోతే ఆ అమ్మాయి మనకి దక్కదు. ఏడో రాయి దాటాకే తిప్పాడని గట్టిగా చెప్పగలరా? ఈ దారి రాళ్ళని నమ్మి పోవచ్చా?"

ముందు అద్దంలో దారి తిన్నగా, నల్లగా, గాళ్ళు పడి కనపడుతోంది. దాన్ని కొలిచిన మనిషి ఒక్క అడుగు కూడా తప్పు రాయలేదు.

"పోనివ్వండి," అంది పంతులమ్మ. "ఏడో రాయిని ఇంకా ఎవరూ కదపలేదు."